ఈ-రూపాయితో ఆటలో టోపీ కొనొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. రోబ్లాక్స్ అనే ఆన్‌లైన్ ఆటలో తన బొమ్మకి టోపీలు, రెక్కలు కొంటూ నా యూపీఐ నుంచి విడతలవారీగా రూ.1,100 లాగేశాడు. గట్టిగా అడిగితే "ఇకనుంచి డిజిటల్ రూపాయితో కొంటాలేమ్మా, అది రిజర్వు బ్యాంకుదేగా" అంటున్నాడు. ఇదీ బిట్‌కాయిన్ లాంటిదేనా? 30 శాతం పన్ను పడుతుందా? మిగిలిన కాయిన్లు మళ్లీ డబ్బవుతాయా?
- ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, నేను బీసెంట్ రోడ్డు పక్కన బ్యాంకులో 26 ఏళ్లు నోట్లు లెక్కపెట్టినవాణ్ణి. అందుకేనేమో, ఈ-రూపాయి (మీవాడు చెప్పే డిజిటల్ రూపాయి ఇదే) వ్యాలెట్ తెరిస్తే 500, 200, 100 అని నోట్లుగానే కనబడటం నాకు భలే నచ్చింది. యూపీఐలో కదిలేది మీ ఖాతాలో డబ్బు. ఇక్కడ చేతులు మారేది నోటే, పూచీ నేరుగా రిజర్వు బ్యాంకుది. 2022 డిసెంబర్ 1న జనం వాడకానికి ప్రయోగంగా మొదలుపెట్టారు. బిట్‌కాయిన్‌తో దీనికి చుట్టరికం లేదు. ఆ 30 శాతం క్రిప్టో లాంటివాటి మీద వచ్చే లాభానికి. ఆ లెక్కలోంచి భారత కరెన్సీని చట్టమే తప్పించింది.

ఇంతవరకూ మీవాడిదే రైటు. తిరకాసు కౌంటరు దాటాక ఉంది. మా చిన్నప్పుడు స్వరాజ్ మైదానంలో (మాకది పీడబ్ల్యూడీ గ్రౌండే, ఇప్పుడక్కడ అంబేడ్కర్ విగ్రహం ఉంది) ఎగ్జిబిషన్ పెట్టేవాళ్లు. జెయింట్ వీల్ ఎక్కాలంటే టోకెన్ కొనాలి. ఓసారి రెండు మిగిలితే బయట బజ్జీల బండి దగ్గర ఇచ్చాను. ఆయన నవ్వి, "లోపలికే పోయి తిరుగు నాయనా" అన్నాడు. మీవాడు ఆటలో కొనే కాయిన్లు, అంటే రోబక్స్, ఆ టోకెన్లే. మీరు చెల్లించింది ఈ-రూపాయైనా, యూపీఐ అయినా, కొన్న మరుక్షణం నుంచి కంపెనీ షరతులే. ఆటలో వస్తువులు తయారుచేసి అమ్మేవాళ్లు సంపాదించింది డబ్బుగా మార్చుకునే దారి వేరే ఉంది. మీవాడు కొనేవాడే కదా!

ఇక ఈ-రూపాయితో అసలు కట్టొచ్చా? 2023 నుంచి ఈ వ్యాలెట్‌తో యూపీఐ క్యూఆర్ స్కాన్ చేయొచ్చు. కానీ ఫోన్‌లో ఆటలు అమ్మే యాప్ స్టోర్ తన పేజీలో ఏ పద్ధతులు చూపిస్తే వాటితోనే కట్టాలి. అందులో ఇది లేకపోతే రూ.200కో 300కో గిఫ్ట్ కార్డు కొనివ్వండి. అది అయిపోతే కొనడమూ ఆగుతుంది, మీ ఖాతా జోలికి రాదు. అన్నట్టు, ఆ రూ.1,100 పోయిందంటే మీ యూపీఐ పిన్ వాడికి తెలిసే ఉండొచ్చు. ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు దాన్ని మార్చండి.

ప్రశ్న: ఈ-రూపాయి వ్యాలెట్‌లో రూ.10,000 ఉంచితే వడ్డీ ఎంతిస్తారు?
- రిటైర్డ్ టీచర్, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: పైసా రాదు మాస్టారూ. జేబులో నోటుకి వడ్డీ ఎవరిస్తారు? కూరగాయలకీ పాలకీ సరిపడా ఉంచుకుని మిగతాది ఖాతాలోకి పంపేయండి.