'రోమాల చరిత్ర' అని రాయవచ్చా?

సందేహం: బ్రిటన్‌లో ఏటా జూన్‌ను జిప్సీ, రోమా, ట్రావెలర్ ప్రజల చరిత్రకు కేటాయించారు. మా తెలుగు సంఘం పత్రికకు దానిమీద వ్యాసం రాస్తున్నాను. 'దేశదిమ్మరుల చరిత్ర' అని పేరు పెడితే బాగాలేదన్నారు. 'రోమాల చరిత్ర' అంటే నవ్వారు. 'వాళ్లు మన లంబాడీలే, అలాగే రాసెయ్' అని ఇంకొకరి సలహా. ఏం రాయమంటారు? – ఒక పాఠకురాలు, లెస్టర్

సమాధానం: నవ్వినవారి తప్పేమీ లేదమ్మా. 'రోమం' అన్న మాటకు బహువచనం 'రోమాలు'. 'రోమా'కు అలవాటుకొద్దీ 'లు' చేర్చినా అదే రూపం వస్తుంది. ఒక జనసముదాయం పేరు చదివి పాఠకుడు వెంట్రుకల దగ్గర ఆగిపోతే ఆ వ్యాసానికీ, ఆ ప్రజలకూ అన్యాయమే. పైగా ఇక్కడ 'లు' అవసరమే లేదు. సుమారు వెయ్యేళ్ల కిందట మన దేశం నుంచి యూరప్ వెళ్లిన ఆ ప్రజల భాషలో పురుషుడు 'రోమ్', స్త్రీ 'రోమ్ని', అందరూ కలిస్తే 'రోమా'. అంటే మాటలోనే బహువచనం ఉంది. 'రోమా ప్రజలు', 'రోమా కళాకారులు', 'రోమా కుటుంబం' అని పక్కన ఇంకో మాట పెట్టి రాయండి. భాషను 'రోమానీ' అనాలి. రొమేనియన్ భాష వేరు, అది లాటిన్ సంతతి.

'దేశదిమ్మరి' వద్దన్న వారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఇవాళ ఆ మాటను పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి తిట్టడానికే వాడుతున్నాం. 'సంచార జాతులు' అంటే తిట్టు కాదు గానీ అదీ సరిపోదు. తూర్పు యూరప్ రోమా ప్రజల్లో ఎక్కువమంది తరతరాలుగా ఒకచోట స్థిరపడినవారే. ఇప్పటి రొమేనియాలో ఉన్న వలాకియా, మోల్డావియా ప్రాంతాల్లో 1850ల దాకా వారిని బానిసలుగా అమ్మారు, కొన్నారు. కదలడానికే వీల్లేకుండా కట్టిపడేసిన వారిని దిమ్మరులు అని ఎలా అంటాం? ఇంగ్లండులోనూ అంతే. 2011 జనగణనలో తమను జిప్సీ లేదా ఐరిష్ ట్రావెలర్‌గా రాయించుకున్నవారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది ఇళ్లలో, ఫ్లాట్లలోనే ఉంటున్నారు. తిరిగేవారి మీద అనుమానం మనకూ కొత్త కాదు. బ్రిటిష్‌వారు 1871లో తెచ్చి, 1911లో మద్రాసు ప్రాంతానికీ విస్తరించిన నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకలవారి వంటి సముదాయాలను పుట్టుకతోనే దొంగలని ముద్రవేశారు. స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ వచ్చింది అలాగే. ఆ ముద్ర ఎంత బాధ పెట్టిందో తెలిసినవాళ్లం, పరాయి దేశపు ప్రజల పేర్ల విషయంలో మనం ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

ఇక లంబాడీల సంగతి. ఈ సలహా వెనక కొంత నిజముంది, అందుకే వివరంగా చెబుతాను. రోమానీ భారతీయ ఆర్యభాషల కుటుంబానిది, లంబాడీల గోర్‌బోలీ కూడా ఆ కుటుంబానిదే. రోమానీలో ఒకటి, రెండు, మూడు అంటే యేక్, దుయ్, త్రిన్. నీళ్లు పాని, ముక్కు నాక్, మనిషి మనుష్, ద్రాక్ష ద్రాఖ్, మాంసం మాస్. క్రైస్తవుల శిలువను వాళ్లు 'త్రుషుల్' అంటారు. అది మన త్రిశూలమే! దారిలో ఏ దేవుణ్ణి కొలిచినా తెచ్చుకున్న మాటను వదల్లేదు. ఇంగ్లీషువాళ్లు స్నేహితుణ్ణి 'పాల్' అంటారే, అది కూడా రోమానీలో సోదరుణ్ణి పిలిచే 'ఫ్రాల్' నుంచి వచ్చిందే. అయితే అదే భాషలో ఏడు, ఎనిమిది, తొమ్మిదికి గ్రీకు మాటలున్నాయి: ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా. పర్షియన్, ఆర్మీనియన్ మాటలూ ఉన్నాయి. వారి పూర్వికులు ఏ దారిన వెళ్లారో ఈ మాటల్ని బట్టే పండితులు గుర్తుపట్టారు. వారు భారతదేశం విడిచి సుమారు వెయ్యేళ్లు దాటింది. లంబాడీలు మొఘల్ సైన్యాలకు ధాన్యం మోస్తూ దక్కనుకు రావడం 17వ శతాబ్దపు మాట. కాబట్టి భాషల్లో చుట్టరికం ఉందని రాయండి, వాళ్లే వీళ్లని మాత్రం రాయకండి. రెండు సముదాయాలకూ ఎవరి చరిత్ర వారికుంది.

'జిప్సీ' దగ్గర చిక్కు ఇంకోరకం. ఈజిప్టు నుంచి వచ్చారని పొరబడి ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరది. 1971 ఏప్రిల్‌లో లండన్ దగ్గర మొదటి ప్రపంచ రోమా మహాసభ జరిగింది. మన దేశం నుంచి భాషావేత్త డబ్ల్యు. ఆర్. రిషి హాజరయ్యారు. బయటివాళ్లు పెట్టిన పేర్లను కాదని 'రోమా' అన్న సొంత పేరును ఎంచుకున్నది అక్కడే. నీలం, ఆకుపచ్చ జెండా మీద ఎర్ర చక్రాన్ని ఆమోదించిందీ అక్కడే. జిప్సీకి జర్మన్ మాట 'త్సిగోయ్నర్' అయితే నాజీల చేతిలో చావుముద్ర అయింది. ఆష్విట్జ్‌లో ఆ మాటలోని మొదటి అక్షరాన్ని (Z) రోమా ఖైదీల చేతుల మీద పచ్చబొట్టు పొడిచారు. 1944 ఆగస్టు 2 రాత్రి ఆ శిబిరంలో మిగిలిన వేలమందిని చంపేశారు. అయినా బ్రిటన్‌లోని రోమానీ కుటుంబాల్లో చాలామంది తమను గర్వంగా జిప్సీలనే చెప్పుకుంటారు. వారి గురించి రాసేటప్పుడు 'జిప్సీలు' అనండి. మిగతా యూరప్‌వారి గురించైతే 'రోమా ప్రజలు' అనండి. జాజ్ గిటార్‌కు కొత్త దారి చూపిన జాంగో రైన్‌హార్ట్ గురించి రాస్తే ఇంకా సూటిగా 'సింటీ', 'మనూష్' అన్న వారి శాఖ పేర్లే వాడవచ్చు.

'ట్రావెలర్'ను అనువదించే పని పెట్టుకోకండి. 'ప్రయాణికులు' అంటే బస్సెక్కేవాళ్లు, 'యాత్రికులు' అంటే తిరుపతి వెళ్లేవాళ్లు గుర్తుకొస్తారు. ఐరిష్ ట్రావెలర్ల మూలాలు ఐర్లండులోనే ఉన్నాయి, భారతదేశంతో సంబంధం లేదు. గిన్నెలకు మాట్లు వేయడం, తగరం పని, గుర్రాల వ్యాపారం వారి పాత వృత్తులు. వారిలో గొప్ప వాద్యకారులు, కథకులు ఉన్నారు. ఐర్లండు ప్రభుత్వం వారిని ప్రత్యేక జాతిగా గుర్తించింది 2017లోనే. మొదటిసారి ప్రస్తావించినప్పుడు ఇదంతా ఒక వాక్యంలో చెప్పి, ఆ తర్వాత 'ట్రావెలర్లు' అనే రాయండి.

మీ శీర్షికకు 'జిప్సీ, రోమా, ట్రావెలర్ ప్రజల చరిత్ర మాసం' చక్కగా సరిపోతుంది. పండగ వాతావరణం కూడా తెలియాలనుకుంటే 'చరిత్ర మాసోత్సవాలు' అనండి. వారోత్సవాలకు అలవాటుపడ్డ మన పాఠకులకు అది వెంటనే అర్థమవుతుంది.