దీవిలో అద్దెకుండండి, డబ్బు ఒడ్డునే ఉంచండి

ప్రశ్న: నాకు 61, మా ఆవిడకు 57. ప్రైవేటు కంపెనీలో రిటైరయ్యాను. పీఎఫ్, గ్రాట్యుటీ, పాత డిపాజిట్లు అన్నీ కలిపి 58 లక్షలున్నాయి. ఈపీఎస్ పెన్షన్ 3,600. విశాఖలో సొంత ఫ్లాట్ ఉంది, అద్దెకిస్తే 14 వేలు వస్తాయి. మా తోడల్లుడు చాలా ఏళ్లుగా అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్‌లో ఉంటున్నాడు. రెండుసార్లు వెళ్లొచ్చాక అక్కడే ఉండిపోదామని మా ఇద్దరికీ అనిపిస్తోంది. తన స్థలం పక్కన ఇంకో ముక్క ఉందట. 20 లక్షలు పెడితే స్టాంపు పేపరు మీద రాయిస్తాడట, రెండు కాటేజీలు కట్టి హోమ్‌స్టే నడుపుదాం అంటున్నాడు. అవసరమైతే ఫ్లాట్ అమ్మేయమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లండి. స్థలం కొనకండి, ఫ్లాట్ అమ్మకండి.

ముందు ఆ స్టాంపు పేపరు సంగతి చూద్దాం. అండమాన్‌లో భూమి వ్యవహారం మన రిజిస్ట్రారు ఆఫీసు లెక్కల్లో నడవదు. అక్కడ 1966 నాటి ల్యాండ్ రెవెన్యూ, ల్యాండ్ రిఫార్మ్స్ రెగ్యులేషన్ అమల్లో ఉంది. దాని ప్రకారం భూమంతా ప్రభుత్వానిదే. జనానికి ఉండేవి సాగు హక్కు, నివాస హక్కు, లైసెన్సు లాంటివి. వాటిని చేతులు మార్చాలంటే అధికారుల అనుమతి కావాలి. సాగు భూమిలో కాటేజీలు కట్టాలన్నా వినియోగం మార్చుకోవడానికి మళ్లీ అనుమతే. ఒడ్డుకు దగ్గరైతే తీరప్రాంత నిబంధనలు కూడా వచ్చిపడతాయి. ఇవేవీ లేకుండా వంద రూపాయల స్టాంపు పేపరు మీద సంతకాలు పెడితే మీ చేతిలో మిగిలేది ఆ పేపరే. పైగా లాంగ్ ఐలాండ్‌లో చాలా భాగం అడవి. ఆ ‘ముక్క’ అడవి భూమిలోకి చొచ్చుకుపోయిందని తేలితే కాటేజీలు ఎవరి పేరున ఉన్నా కూల్చక తప్పదు.

మీ తోడల్లుడు మోసం చేస్తాడని కాదు. ఆయనకు అక్కడ చెల్లుబాటయ్యేది మీకు చెల్లకపోవచ్చు. ఎప్పటినుంచో ఉన్నవాడి మాట ఊళ్లో నడుస్తుంది. ఆయన తర్వాత ఆయన పిల్లలతో మీ ఆవిడ ఆ కాగితం పట్టుకుని మాట్లాడాల్సి వస్తే? అప్పుడు బంధుత్వమూ పోతుంది, డబ్బూ పోతుంది. ఆయన అంతగా పట్టుబడితే దగ్గర్లోని రంగత్ పట్టణంలో తహసీల్దారు ఆఫీసు నుంచి ఆ భూమి రికార్డు ఎవరి పేరున, ఏ తరగతిలో ఉందో రాయించి తెమ్మనండి. తేలేకపోతే ఇక ఆ ఊసెత్తనక్కర్లేదు.

మొహమాటానికి ఏదో ఒకటి ఇవ్వక తప్పదంటే 2 లక్షలు చేబదులుగా ఇవ్వండి. ప్రామిసరీ నోటు రాయించుకోండి, మూడేళ్లు నిండకముందే తిరగరాయించుకోండి. ఆ డబ్బు తిరిగొస్తే సంతోషం, రాకపోయినా మీ నెల ఖర్చు ఆగదు.

ఇప్పుడు మిగతా డబ్బు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో మీ పేరున పూర్తి పరిమితి 30 లక్షలు పెట్టండి. ఇది రాసేనాటికి వడ్డీ 8.2 శాతం, అంటే మూడు నెలలకోసారి 61,500, నెలకు 20,500 పడ్డట్టు. మీ ఆవిడ పేరున పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో 9 లక్షలు వేస్తే 7.4 శాతం లెక్కన నెలకు 5,550 వస్తుంది. ఇంటద్దె, పెన్షన్ కూడా కలిపితే నెలకు 43,650. ఫ్లాట్ ఏడాదిలో ఒకటి రెండు నెలలు ఖాళీగా ఉన్నా ఇద్దరికి ఇబ్బంది రాదు. సీనియర్ స్కీమ్‌ను ఏడాది తర్వాత, రెండేళ్లలోపు మూసేస్తే అసలులో 1.5 శాతం కోత, అంటే 45 వేలు. ‘తర్వాత తీసి కాటేజీలకు పెడదాం’ అనే ఆలోచన ఇప్పుడే మానేయండి.

ఆ చేబదులు 2 లక్షలూ పోను ఇంకా 17 లక్షలు మిగిలాయి. అందులో 11 లక్షలు సగం ఇండెక్స్ ఫండ్లో (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్), సగం డెట్ ఫండ్లో (బాండ్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్) వేసి కనీసం ఏడేళ్లు ముట్టుకోకండి. మీ ఆవిడకు ఇంకో ముప్పై ఏళ్ల జీవితం ఉందనుకుని ప్లాన్ చేయాలి. ధరలు పెరుగుతాయి, పెన్షన్ పెరగదు.

ఆఖరి 6 లక్షలే అన్నిటికంటే ముఖ్యం. బ్యాంకులో స్వీప్ ఇన్ డిపాజిట్‌గా (పొదుపు ఖాతాకు ముడిపడి, కావాల్సినప్పుడు తీసుకోగలిగే ఫిక్స్‌డ్ డిపాజిట్), ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా జాయింటుగా ఉంచండి. దీవిలో మామూలు నెల గడవడానికి పెద్దగా ఖర్చుండదు. కష్టమొచ్చినప్పుడు, అందులోనూ పడవలు ఆగినప్పుడు తెలుస్తుంది అక్కడి ఖర్చు. ఒక్కసారి దారి ఊహించుకోండి. తెల్లవారుజామున గుండెల్లో నొప్పి వచ్చింది. మొదట పడవ మీద యెర్రాటా జెట్టీ, అక్కడినుంచి రంగత్. ఆ తర్వాత అండమాన్ ట్రంక్ రోడ్డు మీద దక్షిణానికి. దారిలో జారవా గిరిజనులకు కేటాయించిన రిజర్వు అడవి ఉంది, మామూలు వాహనాలైతే కాన్వాయ్ కట్టి, నిర్ణీత వేళల్లోనే దాటాలి. మధ్యలో బారాటాంగ్ దగ్గర వాహనాన్ని కూడా పడవెక్కించాలి. అదంతా దాటితే శ్రీ విజయ పురంలో, అంటే మొన్నటి పోర్ట్ బ్లెయిర్‌లో, జీబీ పంత్ ఆసుపత్రి. అంతకు మించిన వైద్యం కావాలంటే విమానమెక్కి చెన్నైకో, విశాఖకో రావాలి. అత్యవసరానికి హెలికాప్టర్ ఉంది కానీ వాతావరణం ఒప్పుకోవాలి.

మీ హెల్త్ పాలసీ ఆసుపత్రి బిల్లు కడుతుంది. మీ ఆవిడ విమాన టికెట్టు, నెల రోజుల లాడ్జి, ఆటోలు ఎవరు కడతారు? అందుకే ఆ 6 లక్షలు. పాలసీని ఎట్టి పరిస్థితుల్లోనూ లాప్స్ కానివ్వకండి. ఎయిర్ అంబులెన్స్‌కు పరిమితి ఎంత ఉందో చదవండి. ఉన్నా, ముందు జేబులోంచి కట్టి తర్వాత రీయింబర్స్ చేయించుకోవాల్సి రావచ్చు. బీపీ, షుగర్ మందులు మూడు నెలలకు సరిపడా ఇంట్లో ఉండాలి.

మామూలు రాకపోకలకు ఏడాదికి 90 వేలు విడిగా రాసుకోండి. విశాఖ నుంచి ఓడ నెలకు ఒకటో అరో ఉంటుంది, రెండున్నర రోజుల ప్రయాణం. టికెట్టు చవకే, తేదీలు మాత్రం మన చేతిలో ఉండవు. విమానమైతే బయల్దేరే రోజుకు ముందు రాత్రే శ్రీ విజయ పురం చేరిపోండి. పొద్దున పడవ, మధ్యాహ్నం ఫ్లైట్ అని ప్లాన్ చేస్తే ఏదో ఒకనాడు టికెట్టు డబ్బు సముద్రంలో పోసినట్టే.

చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన ఇంటర్నెట్ కేబుల్ 2020 ఆగస్టులో మొదలైంది, లాంగ్ ఐలాండ్ కూడా అందులో ఉంది. కాబట్టి బ్యాంకు పని ఫోన్లోనే అవుతుంది. అయినా గాలివానకు కరెంటు, టవరు రెండూ పోతే యూపీఐ ఎందుకూ పనికిరాదు. పాతిక వేలు నోట్లుగా ఇంట్లో ఉంచండి. ఓటీపీలు వచ్చే నంబరు అక్కడ సిగ్నల్ ఉన్న నెట్‌వర్క్‌దే అయ్యుండాలి. ఇది బయల్దేరే ముందు మార్పించుకోవాల్సిన పని, వెళ్లాక కాదు.

అద్దె ఇల్లయినా సామానుకు ఇన్సూరెన్స్ తీసుకోండి. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ అమ్ముతున్న ‘భారత్ గృహ రక్ష’ పాలసీలో భూకంపం, తుపాను, సునామీ అన్నీ ఉన్నాయి. అండమాన్ భూకంపాల ముప్పు బాగా ఎక్కువున్న ప్రాంతం. 2004 డిసెంబరు 26 నాటి సునామీ సంగతి అక్కడివాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇంకొక్కటి. మీరు రెండుసార్లు వెళ్లింది జనవరిలోనో, ఫిబ్రవరిలోనో అయ్యుంటుంది, సముద్రం అద్దంలా ఉండే రోజుల్లో. ఈసారి జూన్‌లో వెళ్లి సెప్టెంబరు దాకా అద్దెకుండి చూడండి. ఆ నాలుగు నెలలూ విశాఖ ఫ్లాట్‌కు తాళం వేసే ఉంచండి. పదకొండు నెలల అగ్రిమెంటు మీద అద్దెకివ్వడం అక్టోబరులో, మీ ఆవిడ అభిప్రాయం విడిగా అడిగాక.