వీగన్ చాక్లెట్ పుడ్డింగ్ ఇంట్లో చేసుకోండి, బ్లెండర్‌కి మాత్రం ఈఎంఐ వద్దు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. వీగన్ అయిపోయింది, పాలు, పెరుగు, నెయ్యి ముట్టడం లేదు. తన కోసం ప్రతి శనివారం ఆన్‌లైన్‌లో వీగన్ చాక్లెట్ పుడ్డింగ్ నాలుగు కప్పులు తెప్పిస్తున్నాం. కప్పు 240 రూపాయలు, డెలివరీ 45. ఇంట్లోనే చేద్దామని 18,000 రూపాయల బ్లెండర్ చూశాను. క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ అంటున్నారు. అదే కార్డు మీద 28,000 బాకీ ఉంది, నెలనెలా మినిమమ్ డ్యూ (తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) 1,400 కడుతున్నాను. వడ్డీ నెలకు 3.5 శాతం. కొనమంటారా? బాగా కుదిరితే అమ్మాలని కూడా ఉంది. – ఒక గృహిణి, కాకినాడ

జవాబు: పుడ్డింగ్ చెయ్యండి. బ్లెండర్ కొనకండి. కొబ్బరి పచ్చడి రుబ్బే మిక్సీ ఇంట్లో ఉంటుంది కదా, ఈ పనికి అది చాలు.

ముందు లెక్క చూద్దాం. ఒక కొబ్బరికాయ 40 రూపాయలు, 15 గ్రాముల కోకో పొడి 25, 70 గ్రాముల బెల్లం 6, నాలుగు పెద్ద చెంచాల రాగిపిండి 3, గ్యాస్‌కి ఓ 6. మొత్తం 80, నాలుగు కప్పులు వస్తాయి. అంటే కప్పు 20 రూపాయలు. మీ బజారు ధరలు కాస్త అటూ ఇటూ అయినా 30 దాటదు.

చేసే తీరు చెబుతాను. కొబ్బరి తురుములో గోరువెచ్చని నీళ్లు పోసి తిప్పి, మొదటి చిక్కటి పాలు అర కప్పు పక్కన పెట్టండి. రెండోసారి తీసిన పలుచని పాలు కప్పున్నర కావాలి. అవి చల్లగా ఉన్నప్పుడే రాగిపిండి కలపాలి, లేకపోతే ఉండలు కడుతుంది. కోకోని కాసిన్ని వేడినీళ్లలో విడిగా పేస్టు చేసుకోండి. బెల్లం కరిగించి వడగట్టి, అన్నీ కలిపి సన్న సెగ మీద గరిటె ఆపకుండా తిప్పితే ఏడెనిమిది నిమిషాల్లో చిక్కబడుతుంది. దించాక చిక్కటి పాలు, చిటికెడు ఉప్పు కలిపి కప్పుల్లో పోసి రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. మంట పెంచితే కొబ్బరిపాలు విరుగుతాయి, అక్కడ తొందర పడొద్దు.

కోకో కొనేటప్పుడు డ్రింకింగ్ చాక్లెట్ పొడి తెచ్చుకోకండి, దాన్లో చక్కెరే ఎక్కువ. కొన్ని రకాల్లో పాలపొడి కూడా ఉంటుంది. ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంటే శాకాహారం అని మాత్రమే అర్థం, పాలు లేవని కాదు. వెనకవైపు అలర్జీ హెచ్చరిక చదవండి.

ఆరోగ్యం మాటకొస్తే, బెల్లం కూడా చక్కెర జాతే, కొబ్బరిపాలలో కొవ్వు తక్కువేం కాదు. చిన్న కప్పే మేలు. రాగుల్లో కాల్షియం ఉన్నా కప్పుకి పడేది పది గ్రాముల పిండి, పాలు మానేసిన లోటు దాంతో తీరదు. విటమిన్ బి12 అయితే మొక్కల నుంచి వచ్చే తిండిలో దొరకదు. డాక్టర్‌ని అడిగి ఆ మాత్రల ఖర్చు బడ్జెట్‌లో రాసుకోండి, ఇందులో పొదుపు చూడొద్దు.

ఇక అసలు సంగతి కార్డు. బాకీ మొత్తం తీర్చకుండా మినిమమ్ డ్యూతో సరిపెడితే, కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది, నలభై, యాభై రోజుల వెసులుబాటు ఉండదు. పుడ్డింగ్ కూడా ఆ కార్డు మీదే తెప్పిస్తుంటే, దాని ధర 240తో ఆగడం లేదన్నమాట. 28,000 మీద నెలకు 980 వడ్డీ, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 1,156. మీరు కట్టే 1,400లో అసలుకి జమ అయ్యేది 244 రూపాయలే! ఇలా అయితే బాకీ ఎప్పటికి తీరేను?

దీని మీద బ్లెండర్ ఈఎంఐ చేరిస్తే నెలకు ఇంకో 1,500, అది పూర్తిగా మినిమమ్ డ్యూలోనే కలుస్తుంది. నో కాస్ట్ అంటే వడ్డీ మేరకు ధరలో తగ్గింపు ఇవ్వడమే, ఈఎంఐలో వడ్డీ ఉంటూనే ఉంటుంది; ఆ వడ్డీ భాగంపై జీఎస్టీ మీరే కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు కూడా ఉండొచ్చు.

ఇప్పుడు నెలకు పుడ్డింగ్‌కి 4,020 అవుతోంది. ఇంట్లో చేస్తే, వృథా కలుపుకున్నా 400 చాలు. మిగిలే 3,600కి 1,400 కలిపి నెలకు 5,000 కట్టండి, కార్డు మళ్లీ గీకకండి. ఏడో నెలలో బాకీ తీరిపోతుంది, ఆఖరి వాయిదా సగమే పడుతుంది. జీతం పడిన రోజే ఈ డబ్బు బ్యాంకుకి పంపేయండి, నెలాఖరుకి మిగిల్చి కడదామంటే మిగలదు. ఫుడ్ యాప్‌లో సేవ్ చేసిన కార్డు వివరాలు ఇవాళే తీసేయండి.

అమ్మే ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి. ఇంటి వంటగది నుంచి అమ్మాలన్నా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పైగా 2022 వీగన్ ఆహార నిబంధనల ప్రకారం ఆ పేరుతో, ఆ లోగోతో అమ్మడానికి విడిగా అనుమతి తీసుకోవాలి. కార్డు బాకీ సున్నా అయ్యాక ఆ ప్రశ్నతో మళ్లీ రాయండి.