మా ఊరి డొంక పూడిపోతోంది, ఎవరు బాగుచేయాలి?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె సార్. ఊళ్ళోంచి చేలకి పోయే డొంకలో ఒకప్పుడు రెండు ఎడ్లబండ్లు ఎదురుపడినా తప్పుకునేవి, ఇప్పుడు ఒక్క ట్రాక్టర్ పట్టట్లేదు, రెండు పక్కలా సర్కారుతుమ్మ కమ్మేసింది, పక్క చేల వాళ్ళు దున్నినప్పుడల్లా ఒక చాలు లోపలికి వస్తున్నారు. వానొస్తే బురదలో చివరి చేలకి కూలీలు రామంటున్నారు. కుర్రాళ్ళం చందాలేసుకుని జేసీబీ పెట్టిద్దామంటే, పెద్దోళ్ళేమో అది పంచాయతీ పని మనకెందుకు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ఊరంతా కలిసి చేసుకోవాల్సిన పనే ఇది, కాకపోతే జేసీబీ కంటే ముందు సర్వేయర్ రావాలి. హద్దు తేలకుండా బకెట్ దించారంటే మొదటి చేను దగ్గరే గొడవ మొదలవుద్ది, పని అక్కడే ఆగిపోద్ది.

మీ సచివాలయంలో గ్రామ సర్వేయర్ని కలిసి గ్రామ నక్షా, ఎఫ్ఎంబీ (ఒక్కో సర్వే నంబరు కొలతలుండే పుస్తకం) చూపించమనండి. అందులో డొంక పోరంబోకుగా ఉంటే వెడల్పు ఎంతో తెలిసిపోతుంది, పాత కొలతలు లింకుల్లో ఉంటాయి, 25 లింకులంటే పదహారున్నర అడుగులు. డొంక వెంబడి చేలున్న రైతులందరి సంతకాలతో తహసీల్దార్‌కి అర్జీ పెట్టండి, కదలకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవ్వండి. కొలిచేది మాత్రం ఊరి మొగ నుంచి చివరి చేను దాకా, రెండు పక్కలా కొలిపించండి. ఫలానా ఆయన ఆక్రమించాడని ఒక్కరి పేరు మీద అర్జీ పెడితే అది పగగా మారుద్ది, అందరికీ ఒకే గొలుసు పడితే ఎవరూ నోరెత్తలేరు.

1905 నాటి భూ ఆక్రమణల చట్టం ప్రకారం రోడ్లు, సందులు, బాటలే కాదు, ఎవరి సొంతమనైనా రుజువైతే తప్ప వాటి పక్క కాలవలు, గట్లు కూడా ప్రభుత్వానివే. సర్వేయర్ హద్దు రాళ్ళు పాతాక కూడా ఎవరన్నా జరగనంటే తహసీల్దార్ 7వ సెక్షన్ కింద నోటీసిచ్చి 6వ సెక్షన్ కింద తొలగించొచ్చు. 2011లో సుప్రీంకోర్టు కూడా గ్రామ ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తీసేయమని అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. నక్షాలో లేకుండా పట్టా చేల మీదుగా అలవాటుగా నడిచే దారైతే కథ వేరు, 20 ఏళ్ళుగా అడ్డు లేకుండా వాడుతున్నామని సివిల్ కోర్టులో తేల్చుకోవాలి, దానికంటే ఆ రైతుని కూర్చోబెట్టి ఒప్పించుకోవడం వెయ్యి రెట్లు నయం.

పని శనగ కోతలయ్యాక పెట్టుకోండి, అప్పుడు చేలు ఖాళీగా ఉంటాయి, ఎవరి పైరూ పోదు. ముందు గ్రామసభలో తీర్మానం చేయించండి, పోరంబోకులో చెట్టు కొట్టాలన్నా, ఉపాధి పనుల్లో పెట్టించాలన్నా అదే ఆధారం. సర్కారుతుమ్మని పైపైన నరికితే తొలకరికి మళ్ళీ గుబురుగా లేస్తుంది, ఎందుకంటే చిగుళ్ళొచ్చేది నేలలోపల ఉన్న మొదలు నుంచి, అందుకే జానెడు లోతు తవ్వి మోడుతో సహా పెకలించాలి. అయినా మేకలు, గేదెలు కాయలు తిని పేడతో విత్తనాలు తెచ్చి పడేస్తాయి కాబట్టి ఏటా ఒకసారి లేత మొలకలు పీకక తప్పదు, మొలకప్పుడైతే పిల్లలు కూడా పీకేస్తారు.

బురదకి అసలు కారణం నీళ్ళు పోయే దారి లేకపోవడం. మధ్యలో కాస్త ఎత్తు చేసి రెండు పక్కలా కాలవ తీయండి, చేలో నీళ్ళు డొంక దాటే చోట తూము వేయండి, కాలవలో తవ్విన నల్లరేగడి మాత్రం దారి మీద పోయొద్దు, తడిస్తే చక్రాన్నే పట్టుకుంటుంది, పైన గ్రావెలే పోయాలి.

చందా ఎకరానికి ఇంత అని వేయండి, చివరి చేల వాళ్ళు డొంకంతా వాడతారు కాబట్టి కొంచెం ఎక్కువైనా ఒప్పుకుంటారు. కౌలు రైతుల దగ్గర మాత్రం తీసుకోవద్దు, దారి బాగుపడితే విలువ పెరిగేది భూమి ఉన్నాయనకి, ఆయనే ఇవ్వాలి. లెక్క మొత్తం వాట్సాప్ గ్రూపులో పెట్టండి, ఫోన్ లేనోళ్ళ కోసం రచ్చబండ దగ్గర కాగితం మీద రాసి అంటించండి.

పంచాయతీ పని అనే పెద్దోళ్ళ మాట తప్పేం కాదు, తూములూ గ్రావెలూ పంచాయతీనే అడగండి. కానీ ఏ చోట నీళ్ళు నిలుస్తాయో, ఏ రాయి కదిలిందో రోజూ ఆ దారిన నడిచే మీకే ముందు తెలుస్తుంది, అందుకే సర్వే రోజు ఆ పెద్దోళ్ళనే పిలిచి దగ్గరుండి రాళ్ళు పాతించమనండి, పాత హద్దులు వాళ్ళకే గుర్తుంటాయి.