‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ ఎందుకు ఉండకూడదు?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమమే. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది. మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు మాత్రం క్రియ తరువాత ఆన్ రావాలో, ఫర్ రావాలో, టు రావాలో తేలక ఆగిపోతాను. నమూనా ఇంటర్వ్యూలో ‘డిస్కస్ అబౌట్’ అన్నందుకు తప్పు పట్టారు. ఐదు వందల ఫ్రేజల్ వెర్బ్‌ల (‘లుక్ ఆఫ్టర్’ లాంటి జంట మాటల క్రియల) జాబితా బట్టీ పట్టాను, నెల తిరిగేసరికి ఏవీ గుర్తు లేవు. ఇప్పుడు కస్టమర్ సపోర్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఇంగ్లీషు చక్కబడేదాకా ఆగమంటారా?

జవాబు: ఆగవద్దు, ఇంటర్వ్యూకు వెళ్లండి. ఆ ఐదు వందల జాబితాను మాత్రం పక్కన పెట్టేయండి. మరిచిపోయానని బాధపడకండి. అలాంటి జాబితా ఎవరికీ నెల రోజులు నిలవదు.

తెలుగులో ‘పడు’ అనే క్రియనే చూడండి. బయటపడు, వెనుకబడు, లోబడు, ఎదురుపడు, పైబడు. ‘నిజం బయటపడింది’ అన్నప్పుడు కింద పడిన వస్తువేదీ లేదు. ‘నిబంధనలకు లోబడి’ అన్నప్పుడూ అంతే. వీటి అర్థాలు మీకు ఎవరూ వరుసగా రాసి ఇవ్వలేదు. ఒక్కొక్క మాటను ఒక్కొక్క సందర్భంలో విన్నారు, అది మీదైపోయింది. సంస్కృతంలో ‘హృ’ అనే ధాతువు ముందు ఉపసర్గ మారేకొద్దీ ప్రహారం, ఆహారం, విహారం, సంహారం, పరిహారం పుట్టాయి. ఇంగ్లీషులో ‘లుక్’ పరిస్థితీ ఇదే. ‘లుక్ ఎట్’ అంటే చూడటం, ‘లుక్ ఫర్’ వెతకటం, ‘లుక్ ఆఫ్టర్’ బాగోగులు చూసుకోవటం, ‘లుక్ ఇంటు’ విచారించటం. కాబట్టి లుక్ ఒక మాట, ఫర్ మరొక మాట అనుకోకుండా ‘లుక్ ఫర్’ అనే ఒకే మాటగా నేర్చుకోండి.

ఇక మీరు చేసిన తప్పు సంగతి. ‘ఆ విషయం గురించి చర్చించాం’ అని మనసులో అనుకుని, ‘గురించి’కి ‘అబౌట్’ పెట్టేశారు. డిస్కస్ అనే క్రియ తన కర్మను నేరుగా తీసుకుంటుంది. మధ్యలో ఆన్, ఫర్, అబౌట్ లాంటి ఏ ప్రిపోజిషన్‌నూ రానివ్వదు. ఇలాంటి క్రియలు మరికొన్ని ఉన్నాయి: మెన్షన్, ఎంఫసైజ్, కాంటాక్ట్, రీచ్, రిజెంబుల్, మ్యారీ. వీటి విషయంలో మీ తెలుగే మీకు సాయం చేస్తుంది. ‘విషయం గురించి చర్చించాం’ అనటం మాని ‘విషయాన్ని చర్చించాం’ అనుకోండి. అలాగే ఆ పేరును ప్రస్తావించారు, ఆ అంశాన్ని నొక్కి చెప్పారు, అధికారిని సంప్రదించాను, గమ్యాన్ని చేరాం, తండ్రిని పోలి ఉంది, అతన్ని పెళ్లాడింది. అన్నింటిలోనూ ద్వితీయా విభక్తి ఉంది. ‘ని, ను’ ఉన్న ఈ వాక్యాన్ని ముందు తెచ్చుకుంటే ‘రీచ్‌డ్ టు’, ‘మ్యారీడ్ విత్’ లాంటివి నోటికి రావు. ‘ఎంటర్’ మాత్రం ఈ పద్ధతికి లొంగదు. మనం గదిలోకి ప్రవేశిస్తాం, ఇంగ్లీషులో మాత్రం ‘ఎంటర్ ద రూమ్’ అంటే చాలు. ఒప్పందం కుదుర్చుకోవటం లాంటి సందర్భాల్లో ‘ఎంటర్ ఇంటు’ వస్తుంది.

ఈ తప్పులన్నింటికీ తెలుగే కారణం అనుకోకండి, ఇంగ్లీషు నామవాచకాలు కూడా దారి తప్పిస్తాయి. డిస్కషన్ అనే నామవాచకానికి అబౌట్ కావాలి, డిస్కస్‌కు వద్దు. రిక్వెస్ట్ నామవాచకమైతే ఫర్ కావాలి, క్రియ అయితే వద్దు. ఎంఫసిస్‌కు ఆన్ కావాలి, ఎంఫసైజ్‌కు వద్దు. డిమాండ్, ఆర్డర్ కూడా రిక్వెస్ట్ లాంటివే. మన చెవికి ఆ నామవాచకాలు బాగా అలవాటైపోయి, వాటి తోకను తెచ్చి క్రియకు తగిలిస్తాం.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. తెలుగులో ‘ని, ను’ ఉన్నచోట ఇంగ్లీషు ఒక్కోసారి ప్రిపోజిషన్ అడుగుతుంది. పాటను వింటాం, కానీ ‘లిజన్ టు’. బొమ్మను చూస్తాం, కానీ ‘లుక్ ఎట్’. ఇక ‘నాకు’ అనే మాట దగ్గర మరింత జాగ్రత్త కావాలి. నాకు ఇవ్వు, నాకు చెప్పు, నాకు వివరించు. మూడింటికీ మనకు ఒకటే ‘కు’. ఇంగ్లీషులో ‘గివ్ మి’, ‘టెల్ మి’ సరైనవి. ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ మాత్రం తప్పు, ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి’ అనాలి. సపోర్ట్ ఉద్యోగంలో ఈ క్రియ రోజూ వాడతారు కాబట్టి దీన్ని ముందుగా దిద్దుకోండి.

ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నల్లో ప్రిపోజిషన్ తరచుగా వాక్యం చివరికి వెళ్తుంది. ‘హూ డిడ్ యు వర్క్ విత్?’ అంటే మీ సహోద్యోగుల గురించి అడుగుతున్నారు. ‘హూ డిడ్ యు వర్క్ ఫర్?’ అంటే యజమాని గురించి, సంస్థ గురించి. మొదటి నాలుగు మాటలూ ఒకటే, తేడా అంతా చివరి చిన్న మాటలో ఉంది. మొదటి మాటలు వినగానే జవాబు మొదలుపెట్టేవారిని చాలామందిని చూశాను. చివరి మాట చెవిన పడేదాకా ఓపిక పట్టండి.

ఫోన్లో మాట్లాడే ఉద్యోగం కాబట్టి ఉచ్చారణ సంగతి ఒకటి చెప్పాలి. ‘టర్న్ ఇట్ ఆఫ్’ అన్నప్పుడు ఒత్తు ఆఫ్ మీద పడుతుంది. ‘లుక్ ఎట్ ఇట్’ అన్నప్పుడు లుక్ మీద పడుతుంది, ఎట్ చాలా తేలికగా జారిపోతుంది. ఇట్ స్థానం కూడా చూడండి. మొదటిదాంట్లో మధ్యకు రావాలి, ‘టర్న్ ఆఫ్ ఇట్’ అనకూడదు. రెండోదాంట్లో చివరే ఉండాలి. వాయిదా వేయటానికి ‘పుట్ ఇట్ ఆఫ్’, రద్దు చేయటానికి ‘కాల్ ఇట్ ఆఫ్’ మొదటి రకానివి. ‘లుక్ ఇంటు ఇట్’, ‘వెయిట్ ఫర్ ఇట్’ రెండో రకానివి. నియమాన్ని వల్లించే బదులు ఈ అయిదారు జతలను పైకి అని చూడండి. నాలుకకు అలవాటైతే కొత్తవి కూడా సరైన చోట పడతాయి.

రాతలో మీకు ఎదురయ్యేది ‘లుక్ ఫార్వర్డ్ టు’. ఇక్కడి టు ప్రిపోజిషన్ కనుక దాని తరువాత ‘హియరింగ్’ అని రాయాలి, ‘హియర్’ కాదు. ‘రిప్లై బ్యాక్’, ‘రిటర్న్ బ్యాక్’ రాయకండి. వెనక్కు అనే అర్థం ఆ క్రియల్లోనే ఉంది. ‘కోప్ అప్ విత్’ కూడా తప్పు, ‘కోప్ విత్’ చాలు. ‘కీప్ అప్ విత్’, ‘క్యాచ్ అప్ విత్’ విని విని ఆ అప్ ఇక్కడికీ వచ్చేసింది.

సాధన ఎలా చేయాలంటారా? మీరు వెళ్లాలనుకుంటున్న ఉద్యోగానికి సంబంధించిన ప్రకటనలు అయిదు తీసుకుని, క్రియ పక్కన ప్రిపోజిషన్ ఉన్న ప్రతిచోటా గీత గీయండి. డీల్ విత్, రిపోర్ట్ టు, కంప్లై విత్, ఫాలో అప్ ఆన్... అవే మళ్లీ మళ్లీ వస్తాయి. ముందు ముప్పై పట్టుకుంటే చాలు. ఒక్కొక్కదానికీ మీ జీవితంలో నిజంగా జరిగిన సంగతితో ఒక వాక్యం రాయండి. ఊహించి రాసిన వాక్యం నిలవదని నా అనుభవం. అనుమానం వస్తే ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసం ప్రత్యేకంగా తయారైన నిఘంటువు చూడండి. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు అర్థం చెబుతుంది కానీ, క్రియకు తోడుగా ఏది రావాలో చాలాసార్లు చెప్పదు. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన ఎ. ఎస్. హార్న్‌బీ తన సహచరులతో కలిసి 1942లో టోక్యోలో తెచ్చిన నిఘంటువు ఈ లోటు తీర్చటానికే పుట్టింది. ఏ క్రియను ఏ వాక్య నిర్మాణంలో వాడాలో అందులో చూపించారు. ఇవాళ్టి విద్యార్థి నిఘంటువులు ఆ బాటలోనే నడుస్తున్నాయి.

కొన్నిచోట్ల ఇంగ్లీషువారిలోనే ఏకాభిప్రాయం లేదు. దరఖాస్తు నింపటాన్ని కొందరు ‘ఫిల్ ఇన్’ అంటారు, కొందరు ‘ఫిల్ అవుట్’ అంటారు. రెండూ సరైనవే, అలాంటివాటి మీద సమయం పెట్టకండి.

ఇంటర్వ్యూ రోజుకు రెండు వాక్యాలు సిద్ధంగా ఉంచుకోండి. కోపంగా ఉన్న కస్టమర్‌కు ఏం చెబుతారని తప్పకుండా అడుగుతారు. ‘ఐ అపాలజైజ్ ఫర్ ద డిలే. ఐ విల్ లుక్ ఇంటు ఇట్ అండ్ గెట్ బ్యాక్ టు యు టుడే.’ వీటిలో ఫర్, ఇంటు, బ్యాక్ టు మూడూ తడబడకుండా పలికేదాకా రోజూ ఉదయం పైకి చెప్పుకోండి. వారం తరువాత మొదటి వాక్యంలో డిలే తీసేసి మరో ఇబ్బందిని పెట్టి చెప్పి చూడండి.