హాజరుపట్టీ చూసి రాసిన నాటకం

ప్రశ్న: బీఏ ఫైనలియర్ చదువుతున్నాను. యూనివర్సిటీలో థియేటర్ ప్రొఫెసర్ అవ్వాలని కోరిక. పాఠాలు చెబుతూ డైరెక్షన్ చేయడం, నాటకాలు రాయడం కుదురుతుందా మాస్టారూ? ఇంట్లో ‘అదీ ఒక ఉద్యోగమేనా’ అంటున్నారు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉద్యోగమేనమ్మా. ఒకటో తారీఖున జీతం వస్తుందని ముందు మీ నాన్నగారి చెవిన వెయ్యి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో రంగస్థల శాఖలున్నాయి. పీజీ అయ్యాక నెట్ (యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి అర్హత పరీక్ష) రాయాలి. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా వంటి చోట ఫస్ట్‌క్లాసులో పాసై, ఐదేళ్లు స్టేజీ మీద పేరు తెచ్చుకున్నవాళ్లకి 2018 యూజీసీ నిబంధనల్లో వేరే దారీ ఉంది.

కుదురుతుందా అన్నావు. కుదరక చస్తుందా! నా మొదటి బ్యాచ్‌లో పదకొండు మంది, అందులో ఇద్దరే ఆడపిల్లలు. ఆ ఇద్దరికీ చేతినిండా పనుండే నాటకం వెతికి వెతికి, విసుగొచ్చి, హాజరుపట్టీ ముందు పెట్టుకుని నేనే రాశాను. ఒక కుర్రాడికి ‘శ’ పలకదు. ‘శ’ ఉన్న మాటలన్నీ కొట్టేస్తే వాడికి నాలుగు డైలాగులు మిగిలాయి. చూసినాయన ఒకరు ఆ పాత్ర మౌనంలో ఎంతో లోతుందన్నారు. నేను కాదనలేదు.

ఇంకోసారి ‘కన్యాశుల్కం’ వేశాం. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన నాటకం. అచ్చులో ఉన్నదంతా ఆడితే తెల్లారుతుంది, అందుకని రెండున్నర గంటలకి కుదించాను. ఆ కోత నాకు నేర్పినంత నాటకరచన ఏ పుస్తకమూ నేర్పలేదు. మధురవాణి ఇంట్లో రామప్పంతులు మంచం కింద దాక్కునే సీను ఉంది కదా, అసలు తంటా ఆ మంచంతో వచ్చింది. రామప్పంతులు ఆరడుగులవాడు. హాస్టల్ మంచం కింద దూరితే మోకాళ్లు బయటే. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టాం. ఈసారి మధురవాణి ఎక్కి కూర్చోవాలంటే గెంతాలి. సాయంత్రమంతా దానికే సరిపోయింది. చివరికి ఆ పిల్లే తేల్చింది: “నేను కూర్చోను మాస్టారూ, ఆనుకుని నించుని వీళ్ల తమాషా చూస్తా.” అప్పుడు నిలబడింది సీను. మర్నాడు తొమ్మిదింటికి ఆ పిల్లలకే నాట్యశాస్త్రంలోని రససూత్రం పాఠం, కళ్లు మూసుకుపోతుంటే.

మీ ఊళ్లో పరిషత్తు నాటకాలు జరిగితే అడిగి వింగులో, అంటే స్టేజీ పక్క తెరచాటున, చోటు సంపాదించు. తెర లాగేవాడి పక్కన నించుని నాలుగు రాత్రులు చూశాక అప్లికేషన్ పెట్టు.

బిల్లుల సంగతి మాత్రం ఇప్పుడే చెబుతున్నా. పూటకూళ్లమ్మ చీపురు ఏ పద్దు కింద కొన్నారని ఆఫీసువాళ్లు రాసి అడిగారు. ‘ఆయుధము’ అని రాశాను. ఆ పది రూపాయలు ఇప్పటికీ రాలేదు.