స్పీకర్ మంద్రంలో ఎంతవరకు పలుకుతుంది?

సందేహం: ఇంట్లో వాడే చిన్న స్పీకర్ వాడకం పుస్తకాన్ని తెలుగులో సరిచూస్తున్నాను. అందులో ఈ వాక్యం వచ్చింది: “అంతర్నిర్మిత ఆంప్లిఫైయర్ ప్రక్రియ తక్కువ ధ్వనిలో మంద ధ్వని ప్రతిస్పందనను పెంచుతుంది.” ‘మంద’ కాదు, ‘మంద్ర’ అనాలని ఒకరన్నారు. ‘గంభీర ధ్వని’ మేలని ఇంకొకరు, ‘బేస్’ అని వదిలేయమని మరొకరు చెప్పారు. ఏది సాధువు? ఇంగ్లీషు మాటే ఉంచితే ‘బేస్’ అని రాయాలా, ‘బాస్’ అని రాయాలా?

సమాధానం: ‘మంద ధ్వని’ తప్పు. మందం అంటే నెమ్మది, మాంద్యం, దళసరితనం. మందగమనం, మందబుద్ధి, మందపాటి గుడ్డ అన్న మాటల్లో ఉన్నది అదే. ర-వత్తు చేరిన ‘మంద్రం’ వేరే మాట. “కలో మంద్రస్తు గంభీరే” అని సంస్కృత నిఘంటువైన అమరకోశం. లోతుగా, గంభీరంగా వినిపించే ధ్వని మంద్రం. మిక్కిలి ఎత్తయినది తారం. కాబట్టి మంద్రమన్న మీ మిత్రుడి మాట నిజం. గంభీరమన్న మిత్రుడి మాటలోనూ నిజముంది. అయితే ఆ రెండు మాటలూ చేసే పని ఒకటి కాదు.

గంభీరం వినేవాడి అనుభవాన్ని చెబుతుంది. గంభీరమైన గొంతు అన్నప్పుడు లోతుతో పాటు ఆ మనిషి నిండుతనం కూడా అందులో కలిసి వస్తుంది. అది కొలతకు లొంగదు. మంద్రం మాత్రం స్థానాన్ని చెబుతుంది. 13వ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో మంద్రానికి హృదయాన్ని, మధ్యానికి కంఠాన్ని, తారానికి శిరస్సును చోట్లుగా చెప్పి, ఒకదానికంటే తరవాతిది రెట్టింపు అన్నాడు. ఆ రెట్టింపు ఈనాటి కొలతకూ సరిపోతుంది. ఒకటో కట్టె శ్రుతిలో (హార్మోనియం మీది మొదటి మెట్టును ఆధారంగా పెట్టుకుని) పాడే పురుషుడి మధ్య షడ్జం, అంటే మధ్య స్థాయిలోని ‘స’, సుమారు 131 హెర్ట్జ్ అయితే, అతని మంద్ర షడ్జం అందులో సగం, సుమారు 65. స్పీకర్ల వాళ్లు బేస్ అని పిలిచేది సరిగ్గా ఈ ప్రాంతాన్నే.

సంగీతం తెలిసినవారు ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పవచ్చు. మంద్రం పాడేవారి శ్రుతిని బట్టి మారుతుంది. అయిదో కట్టెలో పాడే స్త్రీ మంద్ర షడ్జం 98 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. స్పీకర్ బేస్‌కు అలాంటి సాపేక్షత లేదు కదా అంటారు. అభ్యంతరం న్యాయమైనదే. కానీ నిఘంటువు ఇచ్చిన విశాలార్థం మనకు ఉండనే ఉంది. పైగా ‘గొడవ తారస్థాయికి చేరింది’ అని రోజూ పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. తారం సంగీతం గడప దాటి వీధిలోకి వచ్చింది, తోడబుట్టిన మంద్రం మాత్రం వీణ నేర్పే ఇళ్లలోనే ఉండిపోయింది. దాన్ని కూడా బయటికి పిలవడానికి మీ పుస్తకం మంచి అవకాశమని నాకనిపిస్తోంది.

మీరు అడగకపోయినా, ఆ వాక్యంలో ‘మంద’ కంటే పెద్ద చిక్కు ‘తక్కువ ధ్వని’ దగ్గర ఉంది. ఎత్తు, గట్టిదనం అనే రెండు వేరువేరు గుణాలకు మనం ‘హెచ్చు, తగ్గు’ అనే ఒకే జంటను వాడేస్తాం. ‘గొంతు తగ్గించు’ అంటే మెల్లగా మాట్లాడమని. ‘శ్రుతి తగ్గించు’ అంటే కిందికి దిగమని. ఈ వాక్యంలో మొదటి ‘ధ్వని’ గట్టిదనం, రెండోది ఎత్తు. ఒకే మాట రెండర్థాల్లో వస్తే చదివేవాడికి ఏమీ అందదు. వాల్యూమ్ అన్న మాట అందరికీ తెలుసు గనక గట్టిదనానికి అదే ఉంచండి.

ఇంతకీ ఆ వాక్యం చెప్పదలచుకున్న విషయం ఏమిటి? రాత్రి పొద్దుపోయాక, పక్కవాళ్లకు ఇబ్బంది లేకుండా వాల్యూమ్ బాగా తగ్గించి కచేరీ విని చూడండి. మృదంగంలో కుడి వలంతల పలుకు తెలుస్తూనే ఉంటుంది, ఎడమ తొప్పి గుంకారం మాత్రం మాయమవుతుంది. తప్పు స్పీకర్‌ది మాత్రమే కాదు. శబ్దం సన్నగిల్లినకొద్దీ మన చెవి మంద్రాన్ని మరింతగా జారవిడుస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని కొలిచి 1933లో రేఖలుగా గీసి చూపించారు.

దీనికి పెట్టె చిన్నతనం తోడవుతుంది. గాలి చొరకుండా మూసిన చిన్న పెట్టెలో స్పీకర్ అనునాదం (అది తనంతట తాను తేలిగ్గా ఊగే పౌనఃపున్యం) 80 హెర్ట్జ్ దగ్గర ఉందనుకోండి. అంతకు కింద ఒక్కో స్థాయి దిగేకొద్దీ, అంటే పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ, పలుకు సుమారు 12 డెసిబెళ్ల చొప్పున పడిపోతుంది. 40 దగ్గర పోయిన ఆ 12 డెసిబెళ్లను తిరిగి తేవాలంటే ఆంప్లిఫైయర్ అక్కడ పదహారింతల శక్తి పెట్టాలి. అంతే గట్టిగా ఒక స్థాయి కింద మోగాలంటే కోన్ (స్పీకర్‌లో ముందుకూ వెనక్కూ ఊగే గరాటు లాంటి పొర) కూడా నాలుగింతలు ఊగాలి. వాల్యూమ్ తక్కువగా ఉన్నప్పుడు శక్తికీ, ఊగడానికీ చోటు మిగిలి ఉంటుంది కాబట్టి ఆ సాయం చేయవచ్చు. వాల్యూమ్ పెంచితే ఆ చోటు ఇరుకవుతుంది. అప్పటికీ సాయం ఆపకపోతే కోన్ హద్దు దాటి శబ్దం గరగరలాడుతుంది. అందుకే లోపలి సర్క్యూట్ వాల్యూమ్ పెరిగేకొద్దీ మంద్రానికిచ్చే ఊతాన్ని మెల్లగా వెనక్కి తీసుకుంటుంది. చిన్న స్పీకర్ మెల్లగా మోగేటప్పుడు నిండుగానూ, గట్టిగా పెట్టినప్పుడు పలచగానూ వినిపించడానికి చాలాసార్లు ఇదే కారణం.

1968లో వచ్చిన బోస్ కంపెనీ స్పీకర్ 901లో మంద్రం పలికే పెద్ద ఊఫర్ అంటూ లేదు, ఒకే తీరు చిన్న స్పీకర్లు తొమ్మిది ఉండేవి. వాటి లోటు తీర్చడానికి ఈక్వలైజర్ అనే విడి పెట్టె ఇచ్చేవారు. దాన్ని ఇంట్లో ఉన్న ఆంప్లిఫైయర్‌కు కలుపుకోవాలి. ఇప్పుడు ఆ పనిని, వాల్యూమ్‌ను కనిపెట్టుకుని ఉండే పనితో సహా, స్పీకర్ లోపలి చిప్ చూసుకుంటోంది. మీ పుస్తకం ‘ప్రక్రియ’ అన్నది దీన్నే. ప్రక్రియ అంటే ఒక పని సాగే పద్ధతి, లేదా నవల, నాటకం వంటి సాహిత్య రూపం. ఇక్కడ జరుగుతున్నది దిద్దుబాటు. ‘పెంచుతుంది’ అన్న క్రియ కూడా సగం నిజమే చెబుతోంది. లేనిదాన్ని అదనంగా పోయడం కాదు, పడిపోయిన చోట నింపడం. దానికి ‘లోటు పూడుస్తుంది’ అన్నది మన మాట.

‘అంతర్నిర్మిత’లో సంధి దోషం లేదు. అయినా పెట్టె విప్పి వాడుకునే మనిషికి ‘లోపలి ఆంప్లిఫైయర్’ అంటే చాలు.

ఇక ‘ప్రతిస్పందన’. దీన్ని తప్పక మార్చమని కోరతాను, ఎందుకంటే దానికంటే ఎంతో మంచి మాట మనకుంది: పలుకు. వీణ పలుకుతుంది, గంట పలుకుతుంది, ‘ఈ తీగ సరిగా పలకడం లేదు’ అంటాం. వాయిద్యం ఏ స్వరాన్ని ఎంత నిండుగా ఇస్తోందో ఈ ఒక్క క్రియ చెప్పేస్తుంది. స్పీకర్‌ను కొలిచేవాళ్లు గ్రాఫు గీసి చూసేది కూడా అదే, ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత పలుకుతోందన్నది. ‘ఈ స్పీకర్ మంద్రంలో 50 హెర్ట్జ్ వరకు పలుకుతుంది’ అని రాస్తే వాక్యం బతికి ఉంటుంది.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: “వాల్యూమ్ తక్కువగా ఉన్నప్పుడు మంద్రం (బేస్) పలచబడకుండా లోపలి ఆంప్లిఫైయర్ ఆ లోటు పూడుస్తుంది. వాల్యూమ్ పెంచేకొద్దీ ఈ సాయం తగ్గుతుంది.” రెండో వాక్యం మీ మూలంలో లేదు. మీ స్పీకర్ అలాగే పనిచేస్తుందేమో తయారీదారును అడిగి, అవునంటేనే చేర్చండి. వాల్యూమ్ పెంచితే బేస్ పోయిందని ఫిర్యాదు చేసేవాళ్లకు అక్కడే జవాబు దొరుకుతుంది.

బ్రాకెట్లలో ‘బేస్’ ఉంచమన్నది వాడుకను గౌరవించి. ‘బేస్ బాగా కొడుతోంది’ అనే కుర్రవాడికి మంద్రం ఒక్కసారిగా తెలియదు. రెండూ పక్కపక్కన నాలుగుచోట్ల కనిపిస్తే తెలిసిపోతుంది. రాత ‘బేస్’ అనే ఉండాలి. ఇంగ్లీషులో సంగీతార్థంలో ఉచ్చారణ అదే. అక్షరాలు చూసి ‘బాస్’ అంటే అది ఒక చేప పేరవుతుంది, తెలుగు చెవికి పై అధికారి గుర్తొస్తాడు. పునాది అనే అర్థమున్న మరో ‘బేస్’తో రాతలో కలిసిపోతుంది గానీ, పక్కన మంద్రం ఉంటే ఆ తికమక రాదు.

పుస్తకంలో ముందుకు వెళితే ‘సబ్-బేస్’ కూడా మీకు ఎదురుకావచ్చు. దానికి కొత్త మాట కట్టనక్కరలేదు. వీణ మీద వాయించే నాలుగు తీగల పేర్లు సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. మంద్రానికి కూడా కింద పలికే ఆ నాలుగో తీగ పేరునే తీసుకుని ‘అనుమంద్రం’ అని రాయండి.